కొత్త ల్యాప్‌టాప్ "వస్తోందంట": రూమర్ చూసి ఆగాలా, కొనేయాలా?

2021 చివర్లో మా పిన్ని కొడుకు వైజాగ్‌లోనే బీటెక్ సీఎస్‌ఈలో చేరాడు. బాబాయ్‌కి గాజువాకలో చిన్న వెల్డింగ్ షాపు ఉంది. చీటీ పాడి 38 వేలు తెచ్చి, "నువ్వు కంప్యూటర్లు చదివినోడివి కదరా, వీడికి మంచి ల్యాప్‌టాప్ ఏదో చూసి కొనిపెట్టు" అని నాకప్పగించాడు. నేనప్పుడు ఫైనలియర్. పొద్దున్న లేస్తే ముందు లీక్స్ చదివే రకం. జియో నుంచి చవక ల్యాప్‌టాప్ వస్తోందని అప్పటికే నెలల తరబడి వార్తలు. చాలా ధీమాగా చెప్పేశాను: "తొందరపడకు బాబాయ్. రెండు మూడు నెలల్లో సగం రేటుకే వచ్చేస్తుంది, ఆగుదాం."

ఆ ల్యాప్‌టాప్ మామూలు జనానికి దొరికింది 2022 అక్టోబర్‌లో. ఈలోగా మావాడి ఫస్టియర్ అయిపోయింది. సీ ప్రోగ్రాములన్నీ ఫోన్‌లో యాప్ వేసుకుని వేలితో టైప్ చేశాడు. సెమికోలన్ ఎక్కడ మిస్సయ్యిందో ఆ చిన్న స్క్రీన్ మీద వెతుక్కునేవాడు. కాలేజీలో ఒక కోడింగ్ పోటీకి సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలంటే పేరే ఇవ్వలేదు. చీటీ డబ్బుల్లో కొంత షాపులో మోటారు కాలిపోతే దానికి, కొంత చెల్లి స్కూలు ఫీజుకి పోయాయి. తీరా లాంచ్ అయ్యాక స్పెక్స్ చూసి మావాడు అడిగిన మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది: "అన్నయ్యా, దీనికోసమేటి ఏడాది ఆగాం?"

ఇందులో కంపెనీని అనడానికి ఏమీ లేదు. ఫలానా తేదీకి ఇస్తానని అది మాకు చెప్పలేదు, ఇంజినీరింగ్ కోడింగ్‌కి సరిపోతుందనీ చెప్పలేదు. మాటిచ్చింది నేను. రూమర్లు రోజూ చదివేవాడినే గానీ, వాటిని ఎలా చదవాలో తెలియకుండా చదివేవాడిని. అప్పట్నుంచి నేర్చుకున్నదే ఈ ఆర్టికల్. ఇందులో ఏ ల్యాప్‌టాప్ కొనాలో చెప్పను. "వస్తోందంట" అనే మాట వినగానే ఏం లెక్క వేసుకోవాలో చెప్తాను.

రూమర్ ఎక్కడ పుడుతుంది?

ల్యాప్‌టాప్ ఒక్క రోజులో ఊడిపడదు. ముందు ఇంటెల్, ఏఎమ్‌డీ, క్వాల్‌కామ్ లాంటి కంపెనీ చిప్ తయారు చేయాలి. తర్వాత బ్రాండ్ డిజైన్ చేయాలి. చాలా బ్రాండ్లు సొంతంగా తయారు చేయవు. తైవాన్‌కి చెందిన క్వాంటా, కాంపాల్ లాంటి కంపెనీలు చేసి పెడతాయి. ఆ తర్వాత ప్రతి దేశంలోనూ సర్టిఫికెట్లు. మన దగ్గర తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు కింద ల్యాప్‌టాప్‌కి బీఐఎస్ నంబర్ ఉండాల్సిందే, లేకపోతే అమ్మడానికి లేదు. ఆ తర్వాత గోడౌన్, షాపు, లాంచ్.

ఈ దారిలో ప్రతి మలుపు దగ్గరా ఏదో ఒకటి బయటికి వస్తుంది. అయితే అన్ని లీకులకీ ఒకే బరువు ఉండదు.

అన్నిటికన్నా తేలికైనది "మా సోర్సుల ప్రకారం" అని మొదలయ్యే ట్వీట్. దాని వెనక కాగితం ఉండదు. కాస్త బరువున్నది సప్లై చెయిన్ రిపోర్ట్. విడిభాగాల ఆర్డర్లు చూసి ఎనలిస్టులు అంచనా కడతారు. ఇది దిశ చెప్తుంది గానీ తేదీ దగ్గర తరచూ తప్పుతుంది. తర్వాతది గీక్‌బెంచ్ లాంటి బెంచ్‌మార్క్ లిస్టింగ్. ఎవరో నిజంగానే ఒక మెషీన్ మీద టెస్ట్ నడిపారన్నమాట. కానీ అది ల్యాబ్‌లో ఉన్న నమూనా కావచ్చు, మోడల్ పేరు మార్చి నడిపిన మెషీన్ కూడా కావచ్చు. ఇంకా బరువైనది బీఐఎస్ లిస్టింగ్. ఇది ప్రభుత్వ రికార్డు. ఈ మోడల్ నంబర్‌ని ఇండియాలో అమ్మే ఉద్దేశం ఉందని అర్థం. అంతే. ధర ఎంత, ఎప్పుడొస్తుంది, ర్యామ్ ఎంత అన్నవి అందులో ఉండవు. అన్నిటికన్నా పైది కంపెనీ నోటి నుంచి వచ్చిన మాట.

నేను చేసిన తప్పు ఇక్కడే. బీఐఎస్ లిస్టింగ్ చూసి తేదీ ఊహించాను. సప్లై చెయిన్ వార్త చూసి ధర ఊహించాను. రెండూ కలిపి బాబాయ్‌కి గ్యారంటీగా చెప్పాను.

మొదటి కేసు: జియోబుక్

టైమ్‌లైన్ ఒకసారి చూడండి. 2021 మార్చిలో ఎక్స్‌డీఏ డెవలపర్స్ సైట్ జియోబుక్ అనే ల్యాప్‌టాప్ తయారవుతోందని, నమూనాలో స్నాప్‌డ్రాగన్ 665 చిప్ ఉందని రాసింది. 2021 సెప్టెంబర్‌లో బీఐఎస్ జాబితాలో మూడు మోడళ్లు కనిపించాయి. నవంబర్‌లో గీక్‌బెంచ్‌లో ఒక మోడల్ తేలింది. మీడియాటెక్ చిప్, 2 జీబీ ర్యామ్. 2022 అక్టోబర్ మొదట్లో రాయిటర్స్ ధర సుమారు 15 వేలు ఉండొచ్చని రాసింది. అదే నెలలో ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో 19,500 రూపాయలకి కనిపించింది. తర్వాత రిలయన్స్ డిజిటల్‌లో 15,799కి అందరికీ అమ్మకానికి పెట్టారు. 11.6 అంగుళాల స్క్రీన్, స్నాప్‌డ్రాగన్ 665, 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్, ఆండ్రాయిడ్ ఆధారంగా చేసిన జియోఓఎస్.

ఇప్పుడు చెప్పండి, రూమర్ అబద్ధమా? కాదు. పేరు నిజం, చిప్ నిజం, చవక అన్నదీ నిజం. రాయిటర్స్ చెప్పిన ధర కూడా దగ్గర్లోనే ఉంది. తప్పింది మా ఊహ. "చవక ల్యాప్‌టాప్" అన్న రెండు మాటలు వినగానే, బాబాయ్ 38 వేలకి వచ్చే మెషీన్ 18 వేలకి వస్తుందని నేను కలగన్నాను. గీక్‌బెంచ్‌లో 2 జీబీ ర్యామ్ అని 2021 నవంబర్‌లోనే కళ్ల ముందు ఉంది. ఆండ్రాయిడ్ స్టూడియోకి అది ఏ మూలకీ సరిపోదని సీఎస్‌ఈ వాడినైన నాకు తెలియదా? తెలుసు. "ఇది నమూనాలే, అసలుది వేరే ఉంటుంది" అని సర్దిచెప్పుకున్నాను. నచ్చిన లీక్‌ని నమ్మి, నచ్చని లీక్‌ని కొట్టిపారేశాను. మనలో చాలామంది చేసేది ఇదే.

ఇంకో సంగతి. బీఐఎస్‌లో కనిపించిన సెప్టెంబర్ నుంచి షాపుకి వచ్చిన అక్టోబర్ వరకు 13 నెలలు. మీడియాటెక్ చిప్‌తో, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్‌తో కొత్త జియోబుక్ వచ్చింది ఇంకా తర్వాత, 2023 జూలై 31న ప్రకటించి ఆగస్టు 5 నుంచి 16,499కి అమ్మారు. నోట్స్, వీడియో క్లాసులు, బ్రౌజింగ్ కావాల్సిన స్కూలు పిల్లలకి ఒక కిలో కూడా బరువు లేని అలాంటి మెషీన్ పనికొస్తుంది. మావాడి అవసరం వేరు, అంతే.

రెండో కేసు: ఆకారం కరెక్ట్, రంగు రాంగ్

యాపిల్ రూమర్లు ప్రపంచంలోకెల్లా ఎక్కువ మంది తవ్వే రూమర్లు. అవి కూడా ఎక్కడ నిజమవుతాయో, ఎక్కడ తప్పుతాయో చూస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది.

2021 ఏప్రిల్‌లో క్వాంటా కంప్యూటర్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దొంగిలించిన డ్రాయింగులు కొన్ని బయటపడ్డాయి. కొత్త మ్యాక్‌బుక్ ప్రోలో మాగ్‌సేఫ్, హెచ్‌డీఎమ్‌ఐ, ఎస్‌డీ కార్డ్ స్లాట్ తిరిగొస్తున్నాయని వాటిలో ఉంది. 2021 అక్టోబర్ 18న లాంచ్ అయితే అచ్చం అలాగే ఉన్నాయి. అదే సమయంలో చిప్ పేరు ఎమ్1ఎక్స్ అని అందరూ రాశారు. వచ్చిన పేర్లు ఎమ్1 ప్రో, ఎమ్1 మ్యాక్స్.

మ్యాక్‌బుక్ ఎయిర్‌ది మరీ తమాషా. 2021లో వచ్చిన బొమ్మల్లో ఎయిర్ సమంగా, పలకలా ఉంది, అది నిజమైంది. ఐమ్యాక్‌లా రకరకాల రంగులు, స్క్రీన్ చుట్టూ తెల్ల అంచు కూడా చూపించారు. 2022 జూన్ 6న వచ్చిన ఎమ్2 ఎయిర్‌కి నల్ల అంచే ఉంది. రంగులు నాలుగే, అవీ ముదురు నీలం, లేత బంగారు ఛాయ, బూడిద, వెండి. పసుపు రంగు ల్యాప్‌టాప్ కోసం ఎదురుచూసిన వాళ్లకి నిరాశే మిగిలింది.

పద్ధతి అర్థమైందా? అచ్చులు పోయాల్సినవి, పోర్టులు, ఆకారం లాంటివి ముందే ఖరారవ్వాలి, ఫ్యాక్టరీలో పదిమంది చూడాలి. అందుకే అవి సరిగ్గా లీకవుతాయి. పేరు, ధర, లాంచ్ తేదీ లాంటివి చివరి వరకు మార్చుకోవచ్చు, తెలిసిన వాళ్లూ తక్కువ. కాబట్టి హార్డ్‌వేర్ లీక్‌కి ఎక్కువ మార్కులు, పేరు, ధర, తేదీ లీక్‌కి తక్కువ మార్కులు వేయండి. మన జేబుకి కావాల్సినవి మాత్రం సరిగ్గా ఆ తక్కువ మార్కులవే!

మూడో కేసు: ఆగినవాళ్లు గెలిచిన సందర్భం

ఆగడం ఎప్పుడూ తప్పేనా అంటే కాదు. 2020 మార్చిలో ఇంటెల్ చిప్‌తో మ్యాక్‌బుక్ ఎయిర్ 92,990 రూపాయలకి వచ్చింది. బేస్ మోడల్లో రెండు కోర్ల ఐ3. అదే ఏడాది నవంబర్ 10న ఎమ్1 ఎయిర్‌ని ప్రకటించారు. ధర 92,900. ఎనిమిది కోర్లు, ఫ్యాన్ లేదు, బ్యాటరీ చాలా ఎక్కువసేపు. అదే డబ్బుకి పూర్తిగా వేరే మెషీన్.

ఇక్కడ రూమర్ నుంచి నిజానికి మధ్య దూరం చూడండి. యాపిల్ సొంత చిప్‌కి మారబోతోందని, అది 2020లోనే మొదలు కావచ్చని బ్లూమ్‌బర్గ్ రాసింది 2018 ఏప్రిల్‌లో. అది చదివి ఆగినవాడు రెండున్నరేళ్లు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. కానీ 2020 జూన్ 22న కంపెనీయే స్టేజి మీద చెప్పింది: సొంత చిప్‌కి మారుతున్నాం, మొదటి మ్యాక్ ఈ ఏడాది చివరికల్లా వస్తుంది. ఆ రోజు తర్వాత ఆగినవాడు తెలివైనవాడు. ఎందుకంటే అప్పుడు చేతిలో ఉన్నది రూమర్ కాదు, గడువుతో కూడిన మాట.

బీచ్ నుంచి కనిపించే ఓడలు

ఆర్కే బీచ్‌లో సాయంత్రం కూర్చుంటే దూరంగా సముద్రంలో ఓడలు కనిపిస్తాయి కదా. కనిపించింది కదా అని సరుకు వచ్చేసినట్టు కాదు. అది బెర్త్ కోసం కాసుకుని ఉండాలి, రేవులోకి రావాలి, సరుకు దిగాలి. ల్యాప్‌టాప్‌కీ ఈ మూడు తేదీలు ఉంటాయి: కనిపించిన తేదీ, ప్రకటించిన తేదీ, మన షాపులో దొరికే తేదీ.

ఉదాహరణకి క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలీట్ చిప్‌ని 2023 అక్టోబర్‌లో ప్రకటించింది. దాంతో వచ్చే కోపైలట్ ప్లస్ పీసీలను మైక్రోసాఫ్ట్ 2024 మే 20న చూపించింది. అమ్మకాలు జూన్ 18న మొదలయ్యాయి. చిప్ వార్త నుంచి షాపు దాకా ఎనిమిది నెలలు. అంతా అయ్యాక కూడా, స్టేజి మీద అందరూ నోరెళ్లబెట్టి చూసిన రీకాల్ ఫీచర్‌ని, ప్రైవసీ గురించి గొడవ కావడంతో అమ్మకాలకి కొద్ది రోజుల ముందు ఆపేశారు. అది మామూలు యూజర్లకి వచ్చింది 2025 ఏప్రిల్‌లో. అంటే ల్యాప్‌టాప్ దిగింది, అందులో ఒక పెట్టె మాత్రం పది నెలలు ఓడలోనే ఉండిపోయింది.

కాబట్టి ఎవరైనా "వస్తోందంట" అంటే, ఈ మూడిట్లో ఏ తేదీ గురించి మాట్లాడుతున్నారో అడగండి. నూటికి తొంభైసార్లు కనిపించిన తేదీయే అయ్యుంటుంది.

కంపెనీలు ఎందుకు నోరు విప్పవు?

దీనికి ఒక పాత కథ ఉంది. ఆడమ్ ఆస్బోర్న్ చిన్నతనం మన పక్కనే, తమిళనాడులోని తిరువణ్ణామలైలో గడిచింది. 1981లో ఆయన కంపెనీ ఆస్బోర్న్ 1 అనే కంప్యూటర్‌ని తెచ్చింది. బరువు సుమారు 11 కిలోలు. అయినా చేత్తో పట్టుకుని తిరగగలిగే కంప్యూటర్‌గా బాగా అమ్ముడైంది. 1983లో దానికన్నా మంచి మోడల్ రాబోతోందని ముందే బయటికి చెప్పేశారు. జనం పాతది కొనడం మానేశారు. కొత్తది ఇంకా చేతికి రాలేదు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో కంపెనీ దివాలా తీసింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయని వాదించేవాళ్లు ఉన్నారు. కానీ "కొత్తది వస్తోంది" అనే మాట పాత సరుకుని చంపేస్తుందన్న సూత్రానికి ఆస్బోర్న్ ఎఫెక్ట్ అనే పేరు మాత్రం స్థిరపడిపోయింది.

అందుకే ప్రస్తుత మోడల్ అమ్ముకునే కంపెనీ కొత్తదాని గురించి నోరు విప్పదు. ఆ ఖాళీని రూమర్లు నింపుతాయి. కంపెనీ మౌనంగా ఉండడం రూమర్‌కి సాక్ష్యం కాదు, అబద్ధమనడానికీ సాక్ష్యం కాదు. మౌనం వాళ్ల వ్యాపారం.

ధరల రూమర్లు ఇంకో రకం

2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్స్ ఉండాలని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులన్నీ "ల్యాప్‌టాప్‌లు ఇక దొరకవు, ఇప్పుడే కొనేయండి" అని మోగిపోయాయి. మర్నాడే దాన్ని అక్టోబర్ 31 వరకు వాయిదా వేశారు. తర్వాత ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకునే పద్ధతి పెట్టారు, దిగుమతులు సాగాయి. ఆగమనే రూమర్ ఎంత చెడ్డదో, పరిగెత్తించే రూమర్ అంతే చెడ్డది.

2025 ఆగస్టులో దీనికి తలకిందులు. జీఎస్టీ తగ్గుతుందని ఎర్రకోట మీద ప్రకటన రాగానే, ఎలక్ట్రానిక్స్ అన్నీ చవకవుతాయి, ఆగండి అన్నారు. సెప్టెంబర్ 22 నుంచి కొత్త రేట్లు వచ్చాయి. పెద్ద టీవీలు, ఏసీలు 28 నుంచి 18 శాతానికి దిగాయి. ల్యాప్‌టాప్ మాత్రం అప్పటికే 18లో ఉంది, అక్కడే ఉండిపోయింది. ముందు ఏ శ్లాబులో ఉందో ఒక్క నిమిషం చూసినవాళ్లకి ఇది సస్పెన్స్ కాదు.

ఆగితే ధర ఎప్పుడూ తగ్గుతుందన్న నమ్మకం కూడా 2025 చివర్లో దెబ్బతింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లని ఎగబడి కొంటుంటే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు పైకి లేచాయి. డిసెంబర్‌లో మైక్రాన్ మామూలు వినియోగదారులకి అమ్మే క్రూషియల్ బ్రాండ్ నుంచే తప్పుకుంటున్నట్టు చెప్పింది. 2025 అక్టోబర్ 14న గూగుల్ వైజాగ్‌లో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ అని ప్రకటిస్తే మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం, పెట్టుకోవాల్సిందే. ప్రపంచమంతా కట్టే అలాంటి కేంద్రాలకీ, మన ల్యాప్‌టాప్‌కీ కావాల్సిన మెమరీ తయారు చేసేవి ఆ కొద్ది కంపెనీలే. ఆ పోటీలో మనం లైన్లో వెనక ఉన్నాం.

సరే, ఆగాలా వద్దా?

నేను ఇప్పుడు అడుగుతున్న ప్రశ్నలు ఇవి.

1. మీ అవసరానికి తేదీ ఉందా? క్లాసులు, ప్రాజెక్ట్, ఇంటర్న్‌షిప్, ఏదైనా సరే. ఉంటే ఆ తేదీకి ముందే కొనండి. రూమర్‌కి తేదీ లేదు, మీ సెమిస్టర్‌కి ఉంది.

2. కంపెనీ నోటి నుంచి గడువు వచ్చిందా? వచ్చి, అది మీ అవసరం కన్నా ముందుంటే ఆగండి. కొద్ది వారాలు ఆగడం లాభమే. 2025 మార్చి 5న ఎమ్4 ఎయిర్‌ని 99,900కి ప్రకటించారు, వారంలో అమ్మకాలు. అంతకు ముందు ఏడాది ఎమ్3 ఎయిర్ మొదలైంది 1,14,900తో. ఫిబ్రవరి చివర్లో కొన్నవాళ్లు ఎంత తిట్టుకుని ఉంటారో!

3. రాబోయేది మీ పనికి అవసరమైనదేనా? మీ పనికి కనీసం ఎంత ర్యామ్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కావాలో ముందే కాగితం మీద రాసుకోండి. లీక్ చూశాక రాసుకుంటే, లీక్‌కి తగ్గట్టు అవసరాన్ని కుదించేస్తాం. నేను చేసింది అదే.

4. ఆగడానికి ఖర్చెంత? మిగిలేది పక్కన, పోయేది పక్కన వేసి చూడండి. మేము 20 వేలు మిగులుతాయని ఆగాం. పోయింది ఒక ఏడాది ప్రాక్టీస్. చీటీ డబ్బు కరిగిపోవడంతో చివరికి ద్వారకానగర్‌లో 41 వేల మెషీన్‌ని వాయిదాల మీద, వడ్డీతో కొన్నాం. మధ్యతరగతి ఇంట్లో డబ్బు ఖాళీగా కూర్చోదు, దానికి పది పనులు ఎదురుచూస్తుంటాయి. ఈ లెక్క ఏ లీక్‌లోనూ ఉండదు.

5. ఎవరి డబ్బుతో ఎవరు ఆగుతున్నారు? ఇది టెక్ ఫ్రెండ్స్‌కి ప్రత్యేకంగా. ఇంట్లోవాళ్లు మనల్ని సలహా అడిగినప్పుడు, మన ఎగ్జైట్‌మెంట్‌ని వాళ్ల జేబు మీద రుద్దకూడదు. రూమర్లు చదవడం మన హాబీ. కొనడం వాళ్ల అవసరం.

చివరగా

2025 ఆగస్టులో మా చెల్లి బీటెక్‌లో చేరింది. అవును, అప్పుడు స్కూలు ఫీజు కట్టిన చెల్లే. ఇంటికి వచ్చిన చుట్టం ఎవరో "జీఎస్టీ తగ్గుతుందంట, దసరా వరకు ఆగండి" అన్నారు. బాబాయ్ నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే మా తమ్ముడు చెల్లిని అడిగాడు: "నీకు ల్యాబ్ ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచి."

"అయితే శనివారం వెళ్లి కొనేద్దాం."

కొనేశారు. ఎందుకలా చేశావని వాడిని నేనడగలేదు. వాడూ నాకేమీ చెప్పలేదు.